ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టి హెచ్‌ఆర్ ఎంబీఏ చెయ్యాలా?

ప్రశ్న: అక్కా, మాది మిర్యాలగూడ పక్కన పల్లె. ఈ ఏడాది బీకాం అయిపోయింది. హెచ్‌ఆర్‌లో, అంటే కంపెనీల్లో ఉద్యోగుల నియామకాలు, జీతాలు చూసే లైన్‌లో, ఎంబీఏ చెయ్యాలని ఉంది, మనుషులతో మాట్లాడటం నాకు ఇష్టం. ఐసెట్ ర్యాంకుకి కన్వీనర్ కోటాలో ఒక యూనివర్సిటీ కాలేజీలో సీటు వచ్చేలా ఉంది, రెండేళ్లకి అన్నీ కలిపి లక్షన్నర అవుతుందంటున్నారు. కానీ హైదరాబాద్‌లో ఒక ప్రైవేట్ బీ-స్కూల్ వాళ్లు ఫోన్ మీద ఫోన్ చేస్తున్నారు. ఫీజు 9 లక్షలు, హాస్టల్, తిండి, ల్యాప్‌టాప్ కలిపితే 12 అవుతుంది. హండ్రెడ్ పర్సెంట్ ప్లేస్‌మెంట్, యావరేజ్ ప్యాకేజీ 7 లక్షలు అంటున్నారు, లోన్ కూడా వాళ్లే ఇప్పిస్తారట. నాన్న రైస్ మిల్లులో గుమాస్తా, ఏడాదికి మూడు లక్షల దాకా వస్తాయి. ఇల్లు తాకట్టు పెడదాం, నువ్వు చదువుకో అంటున్నాడు. మా పెదనాన్న కొడుకేమో ఆ డబ్బేదో అమెరికాలో పెట్టు, ఎమ్మెస్ చెయ్యి అంటున్నాడు. ఇంకోటి, ఒక కన్సల్టెన్సీ వాళ్లు రిక్రూటర్‌గా 15 వేలకి రమ్మన్నారు. ఏం చెయ్యను? పేరు వెయ్యొద్దు అక్కా. నల్గొండ జిల్లా.

సమాధానం:

చెల్లీ, ముందు జవాబు చెప్పేస్తా, తర్వాత లెక్క చెప్తా. ఆ 12 లక్షల కాలేజీలో చేరకు, ఇంటి కాగితాలు బీరువాలోనే ఉండనీ. హెచ్‌ఆర్ వద్దని కాదు, మంచి లైనే, ఇన్నేళ్లుగా నేను తింటున్నది ఆ అన్నమే. కానీ ఈ లైన్‌లో ఒక తిరకాసు ఉంది, బయటవాళ్లకి కనపడదు. పైన ఓ నాలుగైదు కాలేజీలు ఉంటాయి, వాటికి పాతిక లక్షలు అప్పు చేసినా తీరిపోతుంది. కింద చవగ్గా చదివే దారులు ఉన్నాయి, అక్కడ అప్పు పెద్దగా ఉండదు కాబట్టి జీతం చిన్నదైనా నడిచిపోతుంది. మధ్యలో ఉన్నవే డేంజర్. ఫీజు పైవాళ్లకి దగ్గరగా ఉంటుంది, ఉద్యోగం కిందవాళ్లదే వస్తుంది. నిన్ను ఫోన్లతో వాయిస్తున్న కాలేజీ ఆ మధ్య రకం.

లెక్కలోకి వద్దాం. 12 లక్షలు అంటే మొదటి ఏడాది 6, రెండో ఏడాది 6 తీసుకున్నావ్ అనుకో, వడ్డీ 11 శాతం అనుకో. చదువు రెండేళ్లు, ఆ తర్వాత ఒక ఏడాది మారటోరియం, ఈఎంఐ కట్టక్కర్లేదు అంటారు, అది విని మనవాళ్లు వడ్డీ కూడా ఉండదేమో అనుకుంటారు, అదేం లేదు, వడ్డీ మొదటి రోజు నుంచే నడుస్తుంది. మొదటి 6 లక్షల మీద మూడేళ్లకి లక్షా 98 వేలు, రెండో 6 లక్షల మీద రెండేళ్లకి లక్షా 32 వేలు. అంటే నువ్వు ఈఎంఐ మొదలుపెట్టే రోజుకి అప్పు 15 లక్షల 30 వేలు. పదేళ్లకి పెట్టుకుంటే నెలకి దాదాపు 21 వేలు. పదేళ్లలో కట్టేది మొత్తం 25 లక్షల పైనే. నువ్వు 22 ఏళ్ల అమ్మాయివి అనుకుంటా, కట్టడం అయ్యేసరికి 35 వస్తాయి.

ఇప్పుడు జీతం వైపు. ఆ రకం కాలేజీ నుంచి హెచ్‌ఆర్ స్పెషలైజేషన్ చేసి బయటికొచ్చిన ఫ్రెషర్‌కి హైదరాబాద్‌లో మూడు, మూడున్నర, బాగుంటే నాలుగు లక్షల సీటీసీ, అంటే కంపెనీ నీ మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు. నాలుగే అనుకుందాం. ఆఫర్ లెటర్లు తయారుచేసేది మేమే కాబట్టి అందులో ఏముంటుందో చెప్తా విను. నాలుగు లక్షల్లో 40 వేలు వేరియబుల్, అది ఏడాది చివర వస్తే వస్తుంది లేకపోతే లేదు. కంపెనీ కట్టే పీఎఫ్ 21,600 కూడా నీ ప్యాకేజీలోనే రాస్తారు. గ్రాట్యుటీ అని ఓ ఎనిమిది తొమ్మిది వేలు, అది మామూలుగా ఐదేళ్లు ఉంటేగానీ చేతికి రాదు, అయినా ప్యాకేజీలో లెక్కే. ఇవి తీసేస్తే నెలకి 27 వేల చిల్లర, అందులోంచి నీ వాటా పీఎఫ్ 1,800, ప్రొఫెషనల్ ట్యాక్స్ 200. చేతికి ఇరవై ఐదున్నర వేలు. దాంట్లోంచి 21 వేలు ఈఎంఐకి పోతే మిగిలేది నాలుగున్నర వేలు. మాదాపూర్‌లో పీజీ హాస్టల్లో ముగ్గురు ఉండే రూమ్‌లో మంచం కూడా రాదు ఆ డబ్బులకి. అప్పుడు ఏమవుతుందో నీకు తెలుసు, నాన్న పంపిస్తాడు. ఉద్యోగం చేస్తున్న కూతురికి రైస్ మిల్లు గుమాస్తా డబ్బు పంపడం అన్నమాట.

నేను పిల్లలకి చెప్పే లెక్క ఒకటే, చేతికొచ్చే జీతంలో ఈఎంఐ నాలుగో వంతు దాటకూడదు, మరీ అయితే మూడో వంతు. ఇరవై ఐదున్నర వేలల్లో నాలుగో వంతంటే ఆరు వేల పైచిలుకు. వెనక్కి లెక్కేస్తే నువ్వు తీసుకోదగ్గ అప్పు మొత్తం మూడున్నర లక్షలు. నీ కన్వీనర్ సీటు లక్షన్నర అంటున్నావ్. ఇంకేం కావాలి.

యావరేజ్ 7 లక్షలు అన్నారు కదా అంటావ్. యావరేజ్ అనే మాట వినగానే చెవులు మూసుకో. ఇద్దరికి 18 లక్షలు వస్తే మొత్తం క్లాసు యావరేజ్ పైకి లేస్తుంది, మధ్యలో ఉన్న మనిషికి ఎంతొచ్చిందో చెప్పేది మీడియన్. అది కాలేజీ వాళ్లు ఫోన్‌లో చెప్పరు కానీ చాలా కాలేజీలు చచ్చినట్టు రాసివ్వాల్సి వస్తుంది. కేంద్రం ఏటా ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకులు ఇస్తుంది కదా, దానికి అప్లై చేసిన ప్రతి కాలేజీ తన డేటా పీడీఎఫ్‌ని వెబ్‌సైట్‌లో పెట్టాలి. ఎక్కడో కింద మూలన పెడతారు, ఓపిగ్గా వెతుకు. అందులో ఎంతమంది చేరారు, ఎంతమంది టైముకి పాసయ్యారు, ఎంతమందికి ప్లేస్‌మెంట్ వచ్చింది, వచ్చినవాళ్ల మీడియన్ జీతం ఎంత, అన్నీ ఏడాదివారీగా ఉంటాయి. రెండు చిక్కులు గుర్తుపెట్టుకో, అది ఉద్యోగం వచ్చినవాళ్ల మీడియనే, రానివాళ్లు లెక్కలో లేరు. పైగా మొత్తం ఎంబీఏది, అందులో ఫైనాన్స్ వాళ్లూ మార్కెటింగ్ వాళ్లూ కలిసిపోయి ఉంటారు. ఎన్‌ఐఆర్‌ఎఫ్‌కి అసలు అప్లై చెయ్యని కాలేజీ అయితే అదీ ఒక సమాచారమే.

ఆ ఫోన్ చేసే అమ్మాయిని ఒక్కటే అడుగు, లాస్ట్ ఇయర్ హెచ్‌ఆర్ స్పెషలైజేషన్‌లో ఎంతమంది ఉన్నారు, వాళ్లలో హెచ్‌ఆర్ ఉద్యోగంలోనే చేరినవాళ్లు ఎంతమంది, ఏ కంపెనీ, ఏ డిజిగ్నేషన్. చాలాచోట్ల హండ్రెడ్ పర్సెంట్ అంటే మేనేజ్‌మెంట్ ట్రైనీ అని పేరు పెట్టి ఇన్సూరెన్స్ పాలసీలు, ప్లాట్లు అమ్మించే ఉద్యోగం. మాట మారిస్తే నీకు జవాబు దొరికినట్టే. వాళ్లు చెప్పకపోయినా లింక్డ్‌ఇన్‌లో ఆ కాలేజీ పేరు కొట్టి రెండేళ్ల కిందట పాసైన హెచ్‌ఆర్ వాళ్లు ఇప్పుడెక్కడున్నారో చూడు, ఇద్దరు ముగ్గురికి మెసేజ్ పెట్టు. సీనియర్లు నిజం చెప్తారు, ఫీజు కట్టిన కోపం వాళ్లకి ఇంకా తగ్గి ఉండదు.

లోన్ వాళ్లే ఇప్పిస్తారు అన్నావ్ చూడు, అక్కడ ఇంకా జాగ్రత్త. కాలేజీలో టేబుల్ వేసుకుని కూర్చునేది ఎక్కువగా ప్రైవేట్ ఫైనాన్స్ కంపెనీలు, వడ్డీ గవర్నమెంట్ బ్యాంకు కంటే ఎక్కువ, చదువుతుండగానే ఎంతో కొంత వడ్డీ కట్టమని కూడా అంటారు. గవర్నమెంట్ బ్యాంకుల్లో మామూలు పద్ధతి ఏంటంటే 4 లక్షల దాకా మార్జిన్, అంటే మన చేతిలోంచి పెట్టే వాటా, అడగరు, ఏడున్నర లక్షల దాకా ఆస్తి తాకట్టు అడగరు, అది దాటితే అడుగుతారు. విద్యాలక్ష్మి పోర్టల్‌లో నువ్వే అప్లై చేసుకోవచ్చు, మధ్యలో ఎవరూ అక్కర్లేదు. ఇంట్లో ఆదాయం ఏడాదికి నాలుగున్నర లక్షల లోపు ఉండి, కాలేజీ నాణ్యత చూసి ఇచ్చే నాక్ లేదా ఎన్‌బీఏ గుర్తింపు ఉన్నచోట ప్రొఫెషనల్ కోర్సు అయితే మారటోరియం కాలం వడ్డీ కేంద్రమే భరించే స్కీము ఉంది, మీ నాన్న ఆదాయానికి అది వర్తించాలి, ఎమ్మార్వో ఆఫీసులో ఇన్‌కమ్ సర్టిఫికెట్ ఇప్పుడే తీసి పెట్టుకో. 2024 నవంబర్‌లో వచ్చిన పీఎం విద్యాలక్ష్మిలో తాకట్టూ ష్యూరిటీ లేకుండా ఇస్తారు, 8 లక్షల లోపు ఆదాయం ఉన్నవాళ్లకి వడ్డీలో 3 శాతం తగ్గింపు కూడా ఉంది, కానీ లిస్టులో ఉన్న కాలేజీ అయ్యుండాలి, సీటు మెరిట్ మీద వచ్చి ఉండాలి. ట్యాక్స్ కలిసొస్తుంది అని కూడా చెప్తారు. ఎడ్యుకేషన్ లోన్ వడ్డీకి మినహాయింపు ఉన్న మాట నిజమే, అది పాత ట్యాక్స్ పద్ధతిలోనే, పైగా నాలుగు లక్షల జీతానికి ట్యాక్సే పడదు, ఇంక మినహాయింపు దేనికి?

ఒక్క విషయం ఆలోచించు. పైనున్న కాలేజీల్లో ఒకటైన జంషెడ్‌పూర్ ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐలో సీటొస్తే బ్యాంకు వాళ్లు పాతిక లక్షల పైన కూడా ఏ తాకట్టూ లేకుండా ఇస్తారు. నీ 12 లక్షలకి అయితే ఇంటి కాగితాలు అడుగుతారు. అంటే ఆ చదువుతో అప్పు తీరుతుందన్న నమ్మకం బ్యాంకుకే లేదన్నమాట, తీరకపోతే ఇల్లు ఉందిలే అనుకుంటోంది. ప్లేస్‌మెంట్ బ్రోచర్ కంటే నేను ఆ బ్యాంకు మేనేజర్ని నమ్ముతా.

పైనున్న నాలుగైదు కాలేజీలు అన్నాను కదా, అవేంటో కూడా చెప్పాలి. ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐ 1949లో స్టీల్ టౌన్‌లో పుట్టింది. ముంబై టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) 1936ది, దాని హెచ్‌ఆర్ కోర్సు పేరులో ఇప్పటికీ లేబర్ రిలేషన్స్, అంటే పనివాళ్లకీ యాజమాన్యానికీ మధ్య సంబంధాలు, ఉంటుంది. మన దేశంలో హెచ్‌ఆర్ అనేది ఫ్యాక్టరీ గేటు దగ్గర పుట్టింది, ఏసీ ఆఫీసులో కాదు, ఇప్పటి పిల్లలకి ఆ సంగతే తెలీదు. ఐఐఎం రాంచీలో ప్రత్యేకంగా హెచ్‌ఆర్ ఎంబీఏ ఉంది, గుర్‌గావ్ ఎండీఐలో, పుణె ఎస్‌సీఎంహెచ్‌ఆర్‌డీలో ఉన్నాయి. ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐ ఫీజు పాతిక లక్షలు దాటుతుంది, జీతం కూడా ఏడాదికి పాతిక లక్షలు అటూ ఇటూగా మొదలవుతుంది, కాబట్టి ఆ అప్పు అప్పులా ఉండదు. టిస్ ఫీజు దానితో పోలిస్తే చాలా తక్కువ, డబ్బు లేని తెలివైన పిల్లలకి ఈ లైన్‌లో అంతకంటే మంచి బేరం లేదు. టిస్‌కి ఇప్పుడు క్యాట్ ఎంట్రన్స్ రాయాలి, ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐకి క్సాట్ రాయాలి, అది జనవరిలో ఉంటుంది. కష్టమే, మ్యాథ్స్ ఇంగ్లీష్ రెండూ గట్టిగా ఉండాలి. ఓ ఆదివారం కూర్చుని పాత క్యాట్ పేపర్ ఒకటి టైమ్ పెట్టుకుని రాసి చూడు, నీకే అర్థమవుతుంది ఒక ఏడాది ఇచ్చి చూడొచ్చా లేదా అని. మరీ దూరంగా ఉంటే ఏడాది పోగొట్టుకోకు.

మనుషులతో మాట్లాడటం ఇష్టం అని రాశావ్. హెచ్‌ఆర్‌కి వచ్చే ప్రతి ఒక్కరూ ఇదే రాస్తారు, ఇంటర్వ్యూలో ఈ మాట వింటే మేము లోపల నవ్వుకుంటాం. మొదటి రెండేళ్లు నువ్వు మాట్లాడేది ఎక్సెల్‌తో. అటెండెన్స్, లీవులు, పేరోల్ (జీతాల లెక్క), పీఎఫ్ రిటర్న్, ఈఎస్‌ఐ, జాయినింగ్ ఫైళ్లు, ఎగ్జిట్ ఫైళ్లు. మాట్లాడే పని కావాలంటే రిక్రూట్‌మెంట్, అందులో రోజంతా ఫోన్లే, కానీ అది మాటల ఉద్యోగం అనుకుంటే పొరపాటు, అది టార్గెట్ ఉద్యోగం. నువ్వు కష్టపడి సెలెక్ట్ చేయించిన క్యాండిడేట్ జాయినింగ్ రోజు ఫోన్ స్విచ్ ఆఫ్ చేస్తాడు, నీ ఇన్సెంటివ్ అక్కడితో సరి. బీకాం చదివావు కాబట్టి నా సలహా అయితే పేరోల్, కంప్లయన్స్ (చట్టాల ప్రకారం కట్టాల్సినవీ రాయాల్సినవీ చూసే పని) వైపు వెళ్లు. గ్లామర్ లేదు, పోటీ కూడా లేదు. 29 చట్టాలు కలిపి చేసిన నాలుగు లేబర్ కోడ్‌లు 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చాయి, జీతంలో సగం తగ్గకుండా వేజెస్ (బేసిక్, డీఏ లాంటివి) కింద చూపించాలి అనే రూల్‌తో కంపెనీలన్నీ జీతాల నిర్మాణం మార్చుకోవడంలో పడ్డాయి. ఇది తెలిసిన ఫ్రెషర్ దొరకడం లేదు మాకు. నిజం.

కాబట్టి కన్వీనర్ సీటులో చేరి ఆ రెండేళ్లు ఏం చేస్తావన్నదే అసలు సంగతి. ఎక్సెల్ చేతి కిందికి రావాలి, పివోట్ టేబుల్, లుకప్‌లు నిద్రలో అడిగినా చెయ్యాలి. పీఎఫ్ 12 శాతం దేని మీద లెక్కేస్తారు, ఈఎస్‌ఐ 21 వేల లిమిట్ దాటితే ఏమవుతుంది, బోనస్ ఎవరికి, ఇవన్నీ కాగితం మీద చేసి చూసుకో. ఇంటర్న్‌షిప్‌కి హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీల చుట్టూ తిరగొద్దు, మీ ఊరి చుట్టూ చూడు, వాడపల్లి, మట్టంపల్లి వైపు సిమెంట్ ఫ్యాక్టరీలు, దామరచర్ల దగ్గర యాదాద్రి థర్మల్ ప్లాంట్, అక్కడ కాంట్రాక్టర్ల దగ్గర వందల మంది లేబర్, వాళ్ల మస్టర్లూ పీఎఫ్‌లూ ఎవరో ఒకరు చూసుకోవాలి కదా. రెండు నెలలు అక్కడ కూర్చుంటే క్లాసులో రెండు సెమిస్టర్లు నేర్చుకోలేనిది వస్తుంది. మీ నాన్న మిల్లులో హమాలీల లెక్కలు చూసే ఉంటాడు, ఆయన్ని అడిగినా సగం లేబర్ రిలేషన్స్ చెప్పేస్తాడు.

ఫ్యాక్టరీ వైపు ఇంకో ఉద్యోగం ఉంది, పిల్లలకి దాని గురించి ఎవరూ చెప్పరు, వెల్ఫేర్ ఆఫీసర్. 1948 ఫ్యాక్టరీస్ యాక్ట్‌లో 500 మంది పనివాళ్లు ఉంటే పెట్టాలని ఉండేది, కొత్త కోడ్‌లో 250కే పెట్టాలి. అంటే పోస్టులు పెరుగుతాయి. దానికి ఏ కోర్సు చెల్లుతుందో రాష్ట్ర రూల్స్‌లో ఉంటుంది, సీటు తీసుకునే ముందు చూసుకో. అలాగే పీఎస్‌యూలు, అంటే ప్రభుత్వ రంగ సంస్థలు. వాటి హెచ్‌ఆర్ ఎగ్జిక్యూటివ్ నోటిఫికేషన్లలో రెండేళ్ల ఫుల్‌టైమ్ పీజీ, హెచ్‌ఆర్ లేదా పర్సనల్ మేనేజ్‌మెంట్ స్పెషలైజేషన్, మంచి పర్సెంటేజీ అడుగుతారు, కొన్ని పీఎస్‌యూలు లెక్చరర్ల అర్హత పరీక్ష యూజీసీ నెట్‌లో హెచ్‌ఆర్, లేబర్ వెల్ఫేర్ పేపర్ స్కోరు మీద పిలిచాయి కూడా. వాళ్లకి కాలేజీకి ఎంత ఫీజు కట్టావన్నది అక్కర్లేదు, మార్కులు, స్పెషలైజేషన్ పేరు మార్కుల మెమోలో ఉందా లేదా, అంతే. అందుకని నీ యూనివర్సిటీ కాలేజీలో హెచ్‌ఆర్ స్పెషలైజేషన్ మెమోలో పడుతుందా అని ముందే కనుక్కో. దూరవిద్యలో ఇగ్నో హెచ్‌ఆర్ ఎంబీఏ లక్షలోపే అయిపోతుంది, ఉద్యోగం చేసుకుంటూ చదివేవాళ్లకి బంగారం, కానీ ఫుల్‌టైమ్ అడిగే పీఎస్‌యూలకి అది పనికిరాదు.

ప్రభుత్వం ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్ గురించి నువ్వు అడగలేదు, అయినా చెప్తా. వస్తే వచ్చింది అనుకో, వస్తుందని లెక్కలో వెయ్యకు. బకాయిలు ఏళ్ల తరబడి ఆగి, కాలేజీలు పిల్లల సర్టిఫికెట్లు ఆపుకుని కూర్చున్న సంగతి మన తెలంగాణలో ఎవరిని అడిగినా చెప్తారు. లక్షన్నర చేతిలోంచి కట్టాల్సి వచ్చినా కట్టగలమా అని చూసుకుని చేరు.

అమెరికా సంగతి రెండు మాటల్లో తేల్చేస్తా. మీ అన్నయ్య ఐటీలో ఉండి ఉంటాడు, ఆయన లెక్క ఐటీకి సరిపోతుంది. మామూలు హెచ్‌ఆర్ మాస్టర్స్ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) కిందికి రాదు, అంటే చదువయ్యాక పని చేసుకోడానికి ఇచ్చే ఓపీటీ అనే అనుమతి ఒక్క ఏడాదే, స్టెమ్ వాళ్లకి దొరికే ఇంకో 24 నెలలు నీకు ఉండవు. అనలిటిక్స్ కలిపి స్టెమ్ కోడ్ కింద పెట్టిన కోర్సులు కొన్ని ఉన్నాయి, ఉన్నా సరే హెచ్‌ఆర్ అంటే ఆ దేశం చట్టాలు, ఆ దేశం మనుషుల మాటతీరు, అక్కడ పుట్టిపెరిగిన వాళ్లని కాదని నీకు వీసా స్పాన్సర్ చెయ్యడానికి కంపెనీకి కారణం ఏం ఉంటుంది చెప్పు. ఆ అప్పు 12 లక్షలతో ఆగదు కూడా.

ఆ 15 వేల కన్సల్టెన్సీ ఉద్యోగం చెడ్డదేం కాదు. క్యాట్ పేపర్ రాసి చూశాక నమ్మకం కుదిరితే, ఒక ఏడాది అందులో చేస్తూ టిస్‌కి, ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐకి ప్రిపేర్ అవ్వు, హెచ్‌ఆర్ నీకు సరిపడుతుందో లేదో కూడా తేలిపోతుంది, అదీ జీతం తీసుకుంటూ. బాండ్ రాయమన్నా, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వమన్నా, ట్రైనింగ్ ఫీజు అన్నా వెంటనే లేచి వచ్చెయ్. నమ్మకం కుదరకపోతే ఐసెట్ కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు జాగ్రత్తగా పెట్టుకుని ఆ యూనివర్సిటీ సీటు తీసుకో.

నాన్నకి ఎలా చెప్పాలి అని నువ్వు రాయలేదు కానీ ఉత్తరంలో అదే కనిపిస్తోంది నాకు. ఆయన ఇల్లు పెడతానన్నది ప్రేమతో, వద్దంటే నొచ్చుకుంటాడు. గుమాస్తా కదా, మాటలకంటే అంకెలు బాగా అర్థమవుతాయి. పైన నేనేసిన లెక్క, 15 లక్షల 30 వేలు, 21 వేలు, ఇరవై ఐదున్నర వేలు, ఒక తెల్లకాగితం మీద నీ చేత్తో వేసి ఆయన ముందు పెట్టు. తప్పుంటే దిద్దమను. కాలేజీ వాళ్లకి సీటు బ్లాక్ చెయ్యడానికి అడ్వాన్స్ ఏమైనా ఇప్పటికే కట్టి ఉంటే ఇవాళే మెయిల్‌లో రాతపూర్వకంగా రిఫండ్ అడుగు, క్లాసులు మొదలయ్యే లోపు వెనక్కి తగ్గితే ఇలాంటి కాలేజీలకి అనుమతులిచ్చే ఏఐసీటీఈ రూల్స్ ప్రకారం కొద్దిగా మినహాయించుకుని మిగతాది ఇవ్వాలి, ఫోన్‌లో మాత్రం అడగొద్దు, రికార్డు ఉండదు.